అక్టోబరు సాయంత్రాల్లో సిగ్నస్ ఎక్స్-3 నిజంగానే ఎగసిందా?

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తిరుపతి, చిత్తూరు వైపు మేడల మీద 38 మెగాహెర్ట్జ్ రేడియో డైపోళ్లు (ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే తీగ యాంటెన్నాలు) కట్టిన విద్యార్థుల మధ్య ఇదే వాదన లేస్తుంది. గ్రాఫులో ఉన్నట్టుండి రెట్టింపైన సంకేతం సిగ్నస్ ఎక్స్-3 విజృంభణేనా? అవుననేవాళ్లు 1972 సెప్టెంబరును చూపిస్తారు. ఎక్స్-కిరణాలు వెదజల్లే ఆ జంట తారల వ్యవస్థ అప్పుడు సెంటీమీటరు రేడియో తరంగాల్లో 20 జాన్‌స్కీల (రేడియో వనరుల బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఎగసిన మాట నిజమే.

అయితే ఈ తగువుకు అసలు పాఠం 1975లో ఉంది. శర్మిష్ఠ రాశిలోని సూపర్నోవా (పేలిన నక్షత్రం) అవశేషం కాసియోపియా ఏ, పై పౌనఃపున్యాల్లో ఏడాదికి సుమారు ఒక శాతం మసకబారుతోంది. 38 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం అది తగ్గకపోగా అనుకోకుండా పెరిగిందని ఖగోళ శాస్త్రవేత్తలు ఎరిక్సన్, పెర్లీ 1975లో ప్రకటించారు. 1990లో రీస్ దీర్ఘకాలపు కొలతలను పోల్చి, అక్కడా ఏటా 0.8 శాతం తగ్గుతోందని చూపాడు. పాఠం ఏమిటంటే, ఇంత దిగువ పౌనఃపున్యంలో ఒక్క వనరునే కొలిచి వచ్చిన సంపూర్ణ విలువ నమ్మరాదు. సిగ్నస్ ఏ అనే రేడియో గెలాక్సీ లాంటి స్థిరమైన వనరుతో పోల్చాలి, ఆ పోలిక ఒకే రకం ఆకాశంలోంచి జరగాలి.

తిరుపతిలో అక్టోబరు మధ్యకల్లా ఆ షరతు తప్పుతుంది. సిగ్నస్ ఏ సాయంత్రం 6.40 ప్రాంతంలో మధ్యాహ్నరేఖ (ఆకాశంలో ఉత్తర దక్షిణాలను కలిపే గీత) దాటుతుంది, కాసియోపియా ఏ రాత్రి పదికి. సూర్యాస్తమయం తర్వాత అయనావరణం (వాతావరణపు పైభాగంలోని విద్యుదావేశ పొర) పైకి లేచి, ఏడున్నర ప్రాంతం నుంచి దాని అడుగు భాగంలో ప్లాస్మా బుడగలు, అంటే విద్యుదావేశ కణాలు పలచబడిన చోట్లు, పుడతాయి. అంటే మొదటిది బుడగలకు ముందు, రెండోది బుడగల మధ్య దాటుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం కాబట్టి ఇది మనకు మామూలే. తిరుపతి దగ్గరి గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్, 1024 యాగీ యాంటెన్నాల రాడార్ చూసేవాటిలో ఇవీ ఉన్నాయి. ఆ బుడగల గుండా కనిపించే స్థిరమైన వనరు కూడా మిణుకుమిణుకుమంటుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఎక్స్-3కి సిగ్నస్ ఏ ఆరు డిగ్రీల దూరంలోనే ఉండటం. ఈ పౌనఃపున్యంలో సిగ్నస్ ఏ బలం 20,000 జాన్‌స్కీల స్థాయి. నాలుగు మీటర్ల డైపోళ్లు రెండు పెడితే పుంజం (యాంటెన్నా చూసే ఆకాశపు మేర) పదుల డిగ్రీల వెడల్పు, కాబట్టి రెండూ అందులోనే పడతాయి. ఎక్స్-3 20 జాన్‌స్కీలు ఎగసినా వెయ్యో వంతే. పైగా ఎక్స్-3 జంటలోని వుల్ఫ్-రాయే నక్షత్రం (తన పదార్థాన్ని బలంగా వెదజల్లే వేడి భారీ తార) నుంచి వీచే గాలి దిగువ పౌనఃపున్యాలను మింగేస్తుంది, విజృంభణ ఇక్కడికి ఆలస్యంగా, బలహీనంగా చేరుతుంది. గ్రాఫును రెట్టింపు చేసేది సిగ్నస్ ఏ మిణుకే.

పరీక్ష తేలికే. తిరుపతిలో ఒకటి, రోడ్డు మీద 70 కిలోమీటర్ల దూరంలోని చిత్తూరులో ఒకటి, ఒకే రకం యాంటెన్నాలు పెట్టి గడియారాలను జీపీఎస్‌కు కట్టాలి. మూలంలోనే మార్పు వస్తే రెండు గ్రాఫులూ ఒకే క్షణంలో ఒకేలా కదులుతాయి. మిణుకైతే వేరువేరుగా ఆడతాయి. జూన్ మధ్యలో చేస్తే సిగ్నస్ ఏ రాత్రి 2.40కి, కాసియోపియా ఏ ఉదయం ఆరుకు వస్తాయి కాబట్టి సాయంత్రపు బుడగల బెడద తక్కువ. పిడుగుల వల్ల గ్రాఫులో పడే గీతలను మాత్రం ముందే కత్తిరించుకోవాలి.