పాత యూనిఫాంలు: అడ్మిన్ వాళ్ల అపోహలు, గోడౌన్‌లో కనిపించే వాస్తవాలు

బెంగళూరు పీణ్యాలో పాత యూనిఫాంలు విప్పి, వేరుచేసి, రీసైక్లింగ్‌కు పంపే పని మాది. లోగో మారినా, రంగు మారినా, కంపెనీ చేతులు మారినా మూటలు మా గోడౌన్‌కు వస్తాయి. వాటితోపాటు కంపెనీల అడ్మిన్ వాళ్ల నుంచి ఫోన్లో కొన్ని నమ్మకాలు కూడా వస్తాయి. ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: లోగో తీసేస్తే, ఆ చొక్కా ఎవరో వేసుకుని మోసం చేస్తారన్న భయం ఇక లేదు.

వాస్తవం: లోగో ఒక్క జేబు మీదే ఉంటే సరే. సెక్యూరిటీ గార్డు చొక్కా ఒకటి బల్ల మీద పరిచి చూడండి. జేబు మీద ఎంబ్రాయిడరీ, భుజాల మీద బ్యాడ్జీలు, వీపు మీద ప్రింటు, బటన్ల మీద కంపెనీ పేరు, కాలర్ లోపల లాండ్రీవాళ్లు చెరగని ఇంకుతో రాసిన నంబరు. ఎంబ్రాయిడరీ దారం ఊడదీసినా సూది రంధ్రాలు అక్షరాల ఆకారంలోనే మిగులుతాయి. ఎండలో తిరిగి తిరిగి వెలిసిన చొక్కాకైతే బ్యాడ్జి ఉన్నచోట గుడ్డ ముదురు రంగులోనే ఉండిపోతుంది. కాస్త దూరం నుంచే ఏ కంపెనీయో చెప్పేయొచ్చు. అందుకే మేం ఊడదీయం, ఆ ముక్క మొత్తం కోసేస్తాం.

మా దగ్గర కత్తెర పట్టే అక్కలు చాలామంది అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు. కోసేముందు జేబులు తడమడం వాళ్ల మొదటి పని. ఐడీ కార్డులు, లాకర్ తాళాలు, అప్పుడప్పుడూ గేటు తెరిచే యాక్సెస్ కార్డు కూడా దొరుకుతాయి. కార్డు జేబులో వదిలేసి లోగో గురించి టెన్షన్ పడటమేమిటో మరి!

అపోహ: బట్టలు నాశనం చేశామన్న సర్టిఫికెట్ కిలోల లెక్కతో ఉంటే చాలు.

వాస్తవం: అసలు గండి పడేది ఇక్కడే. "అన్నా, 400 కిలోలు పంపాం, 400 కిలోలకు డిస్ట్రక్షన్ సర్టిఫికెట్ ఇచ్చేయ్" అంటారు. పొట్టి చేతుల చొక్కా పావుకిలో అటూఇటూగా తూగుతుంది. అంటే 2 కిలోల తేడా వస్తే దారిలో 8 చొక్కాలు దిగిపోయినట్టే. అంత తేడాను ఎవరూ పట్టించుకోరు, కాటా తేడా అనుకుంటారు. పైగా గుడ్డ గాలిలోని తేమను పీలుస్తుంది. జౌళి పరిశ్రమ ప్రామాణిక లెక్కలో కాటన్‌కు 8.5 శాతం తేమ, పాలిస్టర్‌కు 0.4 శాతం. కాటన్ ఎక్కువున్న మూట వానాకాలంలో ఒక తూకం, ఎండాకాలంలో ఇంకో తూకం చూపిస్తుంది.

కాబట్టి పీసుల లెక్కే అడగండి. ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు, ఎన్ని టోపీలు అని రాసి, సంచికి నంబరున్న సీలు వేయండి. సీలు తెంచేముందు ఫొటో తీయించి, మీ మనిషి ఎదుటే మళ్లీ లెక్కపెట్టించండి. అంతకంటే ముందు మీ స్టోర్స్ రిజిస్టర్ చూసుకోండి. ఉద్యోగం మానేసినవాళ్ల ఇళ్లలో ఉండిపోయిన డ్రెస్సులను ఏ మెషీనూ ముక్కలు చేయలేదు. జీతం లెక్కలన్నీ తేల్చే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ రోజునే వాటిని వెనక్కి తీసుకోవాలి.

అపోహ: పాత చొక్కా రీసైకిల్ చేస్తే కొత్త చొక్కా వస్తుంది.

వాస్తవం: యూనిఫాం గుడ్డ ఎక్కువగా టెరికాట్, అంటే పాలిస్టర్, కాటన్ కలిపి నేసినది. ఒక పోగు లాగి వెలిగించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా మారుతుంది. టెరికాట్‌లో రెండూ కనిపిస్తాయి. ఆ రెండింటినీ విడదీసే రసాయన పద్ధతులు ఉన్నాయి కానీ, మన మూటలు వెళ్లేది చీల్చే మెషీన్లకే. చీల్చినప్పుడు పీచు పొట్టిదైపోతుంది. పొట్టి పీచుతో సన్న నూలు రాదు. పాత చీరలు బొంతలైనట్టు ఇదీ ఒక మెట్టు దిగుతుంది: పరుపుల్లోకి ఫెల్టుగా (పీచును అదిమి చేసే మందపాటి పొర), కార్లలో శబ్దం ఆపే పొరగా, ముతక దుప్పట్లుగా. ఈ ముతక నూలుకు హర్యానాలోని పానిపట్ పెట్టింది పేరు. కొత్త యూనిఫాం మీద "రీసైకిల్డ్ పాలిస్టర్" అని ట్యాగ్ ఉంటే అది చాలావరకు నీళ్ల సీసాల నుంచి వచ్చినదే, పాత చొక్కాల నుంచి కాదు.

అపోహ: మెషీన్లు తుడవడానికి ఇచ్చేయొచ్చు.

వాస్తవం: పాలిస్టర్ కలిసిన గుడ్డ కాటన్ గుడ్డలా శుభ్రంగా తుడవదు, నూనెను పులిమేస్తుంది. మెషీన్ షాపులవాళ్లు బనియన్ వేస్ట్, అంటే కాటన్ బనియన్ గుడ్డ ముక్కలు, అడిగేది అందుకే. ఇక ఆయిల్‌లో నానిన డ్రెస్సులను మామూలు మూటలో కలపకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాటి దారి వేరు. ఆసుపత్రుల్లో రక్తం అంటిన బట్టలు ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలోకే వెళ్లాలి. అవి మా గేటు దాటి లోపలికి రావు.

అపోహ: తగలబెట్టేస్తే పీడా పోతుంది.

వాస్తవం: బిగించి కట్టిన మూట పైపైన కాలి, నడుమ పచ్చిగానే మిగులుతుంది. చెత్తను బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

అపోహ: పంచిపెడితే పుణ్యమూ వస్తుంది, పనీ అయిపోతుంది.

వాస్తవం: గుర్తులేమీ లేని ప్యాంట్లు, స్వెటర్లు నిక్షేపంగా ఇవ్వండి. రీసైక్లింగ్ కంటే అదే మేలు, ఇది నా వ్యాపారానికి నష్టమైనా సరే. సెక్యూరిటీ, కొరియర్ చొక్కాలు మాత్రం వద్దు. ఆ చొక్కా చూసే అపార్ట్‌మెంట్ గేటు తెరుస్తారు.

అపోహ: స్క్రాప్ కదా, మనకే డబ్బు రావాలి.

వాస్తవం: అందరికీ కోపం తెప్పించే మాట ఇది. కోసిన టెరికాట్‌కు వచ్చే ధర బటన్లు, జిప్పులు, గాజు రేణువులతో మెరిసే రిఫ్లెక్టివ్ పట్టీలు తీసే కూలికి కూడా చాలదు. పైగా డబ్బిచ్చి తీసుకెళ్తానన్నవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడు? చొక్కాలను చొక్కాలుగానే అమ్మితే తప్ప అతనికి గిట్టదు. ఖర్చు తగ్గాలంటే వచ్చే ఆర్డర్‌లోనే సాదా బటన్లు పెట్టించండి, బ్యాడ్జీలు వెల్‌క్రోతో అతికించండి, వీపు మీద ప్రింటు మానేయండి. కొటేషన్ అడిగేటప్పుడు ఒక చొక్కా, ఒక ప్యాంటు శాంపిల్‌గా పంపండి. వాటిని చూడకుండా ఫోన్లోనే రేటు చెప్పేవాళ్లతో జాగ్రత్త.