లాగితే రంగు మారే రబ్బరు

అమ్ములూ, చిన్నా,

ఊసరవెల్లి రంగెలా మారుస్తుందని అడిగారు కదా, ఫోన్లో చెప్తే సగమే అర్థమైనట్టుంది, అందుకే రాస్తున్నా. మన ఫిషింగ్ హార్బర్లో బోట్ల పక్కన నీళ్లమీద డీజిల్ తెట్టు చూశారు కదా, ఆకుపచ్చ, గులాబీ, నీలం అన్నీ కనిపిస్తాయి, కానీ ఆ రంగులేవీ డీజిల్లో లేవు. తెట్టు పైనుంచి కొంత వెలుగు, అడుగునుంచి కొంత వెలుగు వెనక్కొస్తాయి, రెండూ కలిసినప్పుడు ఏ రంగు బలంగా కనపడాలో ఆ పొర మందమే తేలుస్తుంది.

ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ అనే పదార్థం బుల్లిబుల్లి స్ఫటికాలుగా వరసలు కట్టి ఉంటుంది, ఇక్కడ ఆ స్ఫటికాల మధ్య ఎడమే రంగుని తేలుస్తుంది. మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లిని చూసి జెనీవా యూనివర్సిటీ వాళ్లు 2015లో చెప్పారు, నిమ్మళంగా ఉంటే స్ఫటికాలు దగ్గరగా ఉండి ఆకుపచ్చగా కనిపిస్తుందట, ఇంకో మగది ఎదురైతే ఎడం పెరిగి పసుపు, నారింజ వైపు వెళ్తుందట.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. సాగే రబ్బరు షీటులో పూతరేకు మడతల్లా సన్నటి పొరలు పెట్టారనుకోండి, లాగితే షీటు పల్చబడుతుంది, పొరలు దగ్గరపడతాయి, ఎరుపు కాస్తా ఆకుపచ్చ అవుతుంది, ఇంకా లాగితే నీలం, వదిలేస్తే మళ్లీ ఎరుపు. బ్యాటరీ లేదు, వైరు లేదు, ఎంత లాగామో అదే కొలిచి అదే చూపిస్తుంది! అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2022లో ఇలాంటివి చేశారు, కలర్ ఫొటోల పద్ధతికి 1908లో నోబెల్ వచ్చిన గాబ్రియెల్ లిప్‌మన్ దారిలోనే. జ్వరానికి నుదుటిమీద పెట్టే రంగుల స్ట్రిప్ కూడా ఈ జాతే, అక్కడ వేడికి లోపలి పొరల ఎడం మారుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం కట్టు సంగతి. కాలి సిరలు ఉబ్బి పుండు పడినవాళ్లకి బిగుతుగా కట్టు కడతారు, వదులైతే పుండు మానదు, మరీ బిగిస్తే రక్తం ఆడదు, ఎంత బిగించాలన్నది కట్టేవాళ్ల చేతి అలవాటే. ఆ కట్టులో రంగు మారే దారం ఉంటే ఫలానా రంగు వచ్చేదాకా లాగమ్మా అంటే చాలు, మా కేజీహెచ్ ఆస్పత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మైనా, పల్లెలో అమ్మమ్మ కాలికి కట్టే మనవరాలైనా సరిగ్గా కట్టగలదు. ఇలాంటి పని చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

మీరొక పని చెయ్యండి, చేతి గాజుని సబ్బునీళ్లలో ముంచి నిలువుగా పట్టుకుని మధ్యలో నిలిచిన సబ్బు పొరని చూడండి, నీరు కిందకి జారేకొద్దీ రంగుల చారలు కదుల్తాయి, ఆ పొర పగిలేముందు దాని పైభాగం నల్లబడుతుంది. ఎందుకు నల్లబడిందో ఇద్దరూ ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య,
విశాఖపట్నం