పిల్లాడి ఆయాసానికి కారణం మత్తు సూది కాదు

మొన్న గుంటూరు కొత్తపేటలో ఓ సిజేరియన్ ముగించుకుని థియేటర్ బయటికి వచ్చిన గంటకి బిడ్డ అమ్మమ్మ నాకు ఎదురొచ్చింది. “మీ మత్తు ఎక్కువై మా మనవడు డొక్కలెగరేస్తున్నాడంట కదా డాక్టరు గారూ, బాక్సులో పెట్టారు” అంది. చేతులు వణుకుతున్నాయి. అది కోపం కాదు, భయం. ఆవిడకి ఆ మాట ఎక్కించినవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: నడుముకి ఇచ్చే మత్తు బిడ్డ ఊపిరిని దెబ్బతీస్తుంది.

వాస్తవం: స్పైనల్‌లో, అంటే ఈ నడుము సూదిలో, ఇచ్చే బుపివకైన్ అనే మత్తుమందు దాదాపు 2 మిల్లీలీటర్లు, అంటే 10 మిల్లీగ్రాములు. అది వెన్ను నీటిలోకి వెళ్తుంది. తల్లి రక్తంలోకి చేరేదే చాలా తక్కువ, మాయ దాటి బిడ్డకి అందేది ఇంకా తక్కువ. మేం కళ్లు తిప్పకుండా చూసేది తల్లి బీపీని. అది పడిపోతే బిడ్డకి రక్తం తగ్గుతుంది కాబట్టి బీపీ పెంచే మందు సిరంజిలో సిద్ధంగా ఉంటుంది.

పైగా మత్తు ఎక్కిన బిడ్డ మందంగా ఉంటాడు, ఊపిరి నెమ్మదిగా తీస్తాడు. ఈ పిల్లాడు పుట్టగానే గట్టిగా ఏడ్చాడు. అరగంట తర్వాత నిమిషానికి 78 సార్లు ఊపిరి తీస్తున్నాడు. 60 దాటకూడదు. కేస్ షీట్ తిరగేస్తే 37 వారాల 2 రోజులు. తల్లికి ఏ ఇబ్బందీ లేదు, ముహూర్తం కోసం ముందుకి జరిపారు.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే. నెలలు నిండి నొప్పులు మొదలైతే ఆ నీరు ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పులు రాకముందే, తొందరపడి తీస్తే నీరు మిగిలిపోయి ఆయాసం వస్తుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, కానీ ఆ రోజులు తల్లీబిడ్డా విడిగా ఉండాలి. ముహూర్తం పెట్టించుకోండి, కాదనను. 39 వారాలు నిండాక వచ్చే రోజుల్లో పెట్టించుకోండి. బీపీ వల్లో, బిడ్డ ఎదుగుదల ఆగడం వల్లో డాక్టరే ముందు తీయాలంటే మాత్రం ఆగకండి.

“స్పైనల్ వద్దు, పూర్తి మత్తు ఇవ్వండి, బిడ్డకి మంచిది” అనేవాళ్లూ ఉన్నారు. తిరగేసి చెప్తున్నారు. పూర్తి మత్తు మందులే మాయని ఎక్కువగా దాటుతాయి. అందుకే పొట్ట పైచర్మం శుభ్రం చేసి, గుడ్డలు కప్పి, సర్జన్ సిద్ధమయ్యాకే ఇస్తాం, బిడ్డని వెంటనే బయటికి తీసేలా. బిడ్డ మందంగా ఉంటే పిల్లల డాక్టర్ కాసేపు మాస్కుతో గాలి అందిస్తారు. అత్యవసరమైతే దీనికీ భయపడక్కర్లేదు.

కాన్పు నొప్పుల్లో బాధ తగ్గడానికి ఇచ్చే పెథిడిన్ సూది విషయంలో మాత్రం జాగ్రత్త నిజమే. ఇచ్చిన రెండు మూడు గంటల్లో కాన్పైతే బిడ్డ మందంగా ఉండొచ్చు.

ఇక పాలు. తల్లి తేరుకుని బిడ్డని పట్టుకోగలిగితే చాలు, పట్టొచ్చు. మత్తు కలిసిందని ముర్రుపాలు పిండి పారబోసిన తల్లుల్ని చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.