ఉత్తరాంధ్ర యువతకు ఉపాధి: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో గ్రామీణ యువతకు వృత్తి శిక్షణ ఇప్పించి, ఆ తరువాత కొలువులో చేర్చే పనిలో ఉన్నాను. శిక్షణకు వచ్చే పిల్లలూ వారి తల్లిదండ్రులూ గట్టిగా నమ్ముతున్న కొన్ని మాటలు వారికే నష్టం చేస్తున్నాయి. ఈ వ్యాసం వారి కోసమే రాస్తున్నాను.

అపోహ: నిరుద్యోగ రేటు తక్కువగా ఉన్న చోట యువత బాగున్నట్టే.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి నిర్వహిస్తున్న శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2023-24లో దేశంలోని 15-29 ఏళ్ల వారిలో నిరుద్యోగ రేటు 10.2 శాతం. అదే ఏడాది కేరళలో అది దాదాపు 30 శాతం కాగా, మధ్యప్రదేశ్‌లో 3 శాతం లోపే. అంతమాత్రాన కేరళ యువత కంటే మధ్యప్రదేశ్ యువత మెరుగైన స్థితిలో ఉందని చెప్పలేము. పని లేక, పని కోసం చూస్తున్నవారినే సర్వే నిరుద్యోగులుగా లెక్కిస్తుంది. సొంత పొలంలోనో కొట్టులోనో జీతం లేకుండా చేయి సాయం చేసే కుర్రవాడు పనిలో ఉన్నవారి లెక్కలోకే వెళతాడు. ఇల్లు గడవని కుటుంబంలోని పిల్లవాడు మంచి ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడలేక దొరికిన కూలికి వెళ్లిపోతాడు. డిగ్రీ చదివించి, ఆపైన కోచింగ్‌కు కూడా పంపగలిగిన ఇంట్లోనే ఆ ఎదురుచూపు సాధ్యమవుతుంది. చదువు పెరిగిన చోట రేటు కూడా పెరిగి కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మన ప్రాంతంలో దీనికి వలస తోడవుతుంది. ఎచ్చెర్ల, గార తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లే మత్స్యకారులూ, హైదరాబాదు, చెన్నై నగరాల్లో భవన నిర్మాణానికి వెళ్లే యువకులూ ఊళ్లో ఖాళీగా కనిపించరు. ఏడాదిలో ఎక్కువ కాలం బయటే ఉండేవారు సాధారణంగా ఉన్న చోటి లెక్కలోనే చేరతారు. ఇంటర్ చదివి, పనికి పంపేవారు లేక, పని అడగడం కూడా మానేసి ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్ల అసలు నిరుద్యోగిగానే నమోదు కాదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఈ లెక్కకు రానితనమే.

అపోహ: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిలో పేరు ఉంటే ఎప్పటికైనా పిలుపు వస్తుంది.

వాస్తవం: కేవలం ఎక్స్చేంజి పంపిన పేర్లతో నియామకాలు జరపకుండా పత్రికల్లో కూడా ప్రకటన ఇవ్వాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందిన వ్యాజ్యంలోనే వచ్చింది. పేరు నమోదు చేయించుకోండి, కానీ ప్రకటనలు చూసి దరఖాస్తు చేయడం మాత్రం మానవద్దు.

అపోహ: ప్రభుత్వ ఉచిత శిక్షణలు సర్టిఫికెట్టు కోసమే, వాటితో ఉద్యోగం రాదు.

వాస్తవం: అన్ని పథకాలూ ఒక తీరువి కావు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో 15-35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు శిక్షణ ఇచ్చిన సంస్థ వారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్నది నిబంధన. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల ఉద్దేశం వేరు. అక్కడ నేర్చుకున్నవారు సొంతంగా పని పెట్టుకోవాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో గ్రామీణ ప్రాంతపు బీసీ, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం వరకు సబ్సిడీ ఉంటుంది. ఏ శిక్షణలో చేరినా, ముందు ఆ కేంద్రానికి వెళ్లి, గత బ్యాచ్ వారు ఏ ఊళ్లో, ఎంత జీతానికి చేరారో, ఆరు నెలల తరువాత ఎంతమంది నిలిచారో అడగాలి. దూరపు నగరంలో వచ్చే జీతంలో గది అద్దె, భోజనం పోగా మిగిలేది చాలక తిరిగి వచ్చేసే పిల్లలను తరచూ చూస్తుంటాను కనుక, చేరిక సంఖ్య కంటే నిలిచిన సంఖ్యే అసలు కొలమానమని నా అభిప్రాయం.

అపోహ: భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు వస్తే ఉద్యోగాలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: నిర్మాణ దశలో రాడ్ బెండర్లు, వెల్డర్లు, షట్టరింగ్ పనివారు కావాలి, నడిపే దశలో క్రేన్ ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్లు, భద్రతా సిబ్బంది కావాలి. ఆ పనుల్లో మన పిల్లలు సిద్ధంగా లేకపోతే కాంట్రాక్టర్లు తమ మనుషులను వెంట తెచ్చుకుంటారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని రాష్ట్రం 2019లో చేసిన చట్టం కూడా, తగిన అర్హత ఉన్నవారు దొరకనప్పుడు మూడేళ్ల లోపు శిక్షణ ఇచ్చి తీసుకోవాలనే చెప్పింది. 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను, అంటే భృతి తీసుకుంటూ పని నేర్చుకునేవారిని, తీసుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. పైడిభీమవరం మందుల కర్మాగారాలకైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌కైనా ఐటీఐ పిల్లలు ముందుగా అడగవలసింది ఈ అప్రెంటిస్ అవకాశాన్నే.

అపోహ: గల్ఫ్‌కు వెళ్లాలంటే ఏజెంటు అడిగినంత ఇవ్వక తప్పదు.

వాస్తవం: విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటు సేవా రుసుముగా తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద పంపి అక్కడికి వెళ్లాక పని ఇప్పిస్తామనే వారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఉద్దానం నుంచి వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు పొలం తాకట్టు పెట్టే ముందే ఒప్పంద పత్రంలో జీతం, పని గంటలు, వసతి రాసి ఉన్నాయో లేదో చదివించుకోవాలి.