వేధశాలలు ఎందుకు నిలవలేదు: ముస్లిం విజ్ఞాన వారసత్వం వెనుక ఒక చరిత్ర

విజ్ఞానశాస్త్రంలో ముస్లిం దేశాలు ఎందుకు వెనకబడ్డాయన్న చర్చ వచ్చినప్పుడల్లా రెండు జవాబులు వినిపిస్తాయి. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నాశనం చేయడంతో విజ్ఞానం అంతరించిందన్నది మొదటిది. 1111లో మరణించిన ఇమాం గజాలీ తత్త్వవేత్తలపై చేసిన విమర్శతో స్వేచ్ఛగా ఆలోచించే అలవాటే పోయిందన్నది రెండోది. ఎంతగా ప్రచారంలో ఉన్నా, ఖగోళశాస్త్ర చరిత్ర ముందు ఈ రెండూ నిలబడవు. ఆ చరిత్రను దగ్గరగా పరిశీలిస్తే, మేధస్సుకు ఏనాడూ కొరత లేదని, దాన్ని తరతరాలు పోషించే సంస్థలే కరవయ్యాయని నాకనిపిస్తుంది.

బాగ్దాద్‌ను కూల్చిన హులాగు ఖానే మరుసటి ఏడాది, 1259లో, ఖగోళవేత్త నసీరుద్దీన్ తూసీ సలహాపై నేటి వాయవ్య ఇరాన్‌లోని మరాగాలో వేధశాల (గ్రహాలను, నక్షత్రాలను పరిశీలించే కేంద్రం) నిర్మాణం మొదలుపెట్టించాడు. దాని ఖర్చులకు వక్ఫ్ (ధర్మకార్యాలకు శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తుల) ఆదాయం సమకూరింది. ప్రాచీన ఖగోళవేత్త టోలెమీ గ్రహ సిద్ధాంతంలోని లోపాలను సవరించడానికి, రెండు వృత్తాల కదలిక నుంచి సరళరేఖా చలనాన్ని రాబట్టే పద్ధతిని తూసీ కనిపెట్టాడు. ఆ పద్ధతి తర్వాత, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న యూరప్ ఖగోళవేత్త కోపర్నికస్ రచనలోనూ కనిపిస్తుంది. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే మువక్కిత్‌గా పనిచేసిన ఇబ్న్ అల్-షాతిర్ గజాలీ తర్వాత రెండున్నర శతాబ్దాలకు, 1375లో మరణించాడు. చంద్రుడి గమనానికి అతడు ఇచ్చిన నమూనానే ఒకటిన్నర శతాబ్దానికి పైగా గడిచాక కోపర్నికస్ కూడా ఇచ్చాడు. అది ఏ దారిన యూరప్‌కు చేరిందన్న దానిపై చరిత్రకారుల మధ్య వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఆ ఖగోళవేత్తను పోషించింది మసీదు అన్న సంగతిని మాత్రం, మతమే విజ్ఞానాన్ని చంపిందనేవారు ముందుగా తెలుసుకోవాలి.

1420లలో సమర్‌ఖండ్‌లో వేధశాల కట్టించిన ఉలుగ్ బేగ్ తైమూర్ మనుమడు, స్వయంగా గణితజ్ఞుడు. సుమారు 40 మీటర్ల వ్యాసార్ధమున్న చాపాన్ని అక్కడ ఉత్తర దక్షిణాలుగా అమర్చి, దాని అడుగు భాగాన్ని కొండరాతిలోకి తొలిచారు. సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటే వేళ పడిన వెలుగును బట్టి కోణాలు కొలిచేవారు. వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలతో 1437లో పట్టిక సిద్ధమైంది. అక్కడ పనిచేసిన జంషీద్ కాషీ స్వస్థలంలోని తండ్రికి రాసిన ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. పండితుల సభల్లో ఏ సమస్యలు చర్చకు వచ్చేవో వాటి నుంచి తెలుస్తుంది. 1449లో ఉలుగ్ బేగ్‌ను సొంత కొడుకే చంపించాడు. దానితో వేధశాల పాడుబడి మట్టిలో కలిసిపోయింది, 1908లో తవ్వకాల్లో గాని బయటపడలేదు. ఇస్తాంబుల్‌లో ఖగోళవేత్త తఖీయుద్దీన్ వేధశాల బతుకు మరీ చిన్నది: 1577లో పూర్తయి, 1580 జనవరిలో సుల్తాను ఆజ్ఞపై నేలమట్టమైంది.

అదే కాలంలో డెన్మార్క్‌లో ఖగోళవేత్త టైకో బ్రాహే కట్టిన వేధశాల కూడా, పోషించిన రాజు పోయి కొత్త రాజుతో చెడిన తర్వాత శిథిలమైందని గుర్తుంచుకోవాలి. అయితే అతడి కొలతలు గ్రహ గమన సూత్రాలను కనిపెట్టిన కెప్లర్ చేతికి అందాయి. ఆ తర్వాత పారిస్‌లో 1667లో, గ్రీనిచ్‌లో 1675లో రాజ్యమే వేధశాలలు నెలకొల్పింది. వ్యక్తులు మారినా పని సాగింది. అచ్చు యంత్రం ఆ ఫలితాలను అందరికీ చేర్చింది. ఇస్తాంబుల్‌లో ఇబ్రాహీం ముతఫర్రికా ముద్రణాలయానికి అనుమతి దొరికేసరికి 1727 వచ్చింది. విద్యకు ఆధారమైన వక్ఫ్ ఆదాయాలను కూడా 19వ శతాబ్దంలో ఈజిప్టులో ముహమ్మద్ అలీ, ఇస్తాంబుల్‌లో సుల్తాను రెండో మహమూద్ ప్రభుత్వ అదుపులోకి తెచ్చారు. సైన్యం కోసం, పరిపాలన కోసం కొత్త పాఠశాలలు విడిగా వెలిశాయి. మదరసా చదువు ఒక దారి, ఆధునిక చదువు మరో దారి అయిన ఆ చీలిక నేటికీ పూడలేదు.

హైదరాబాద్‌లో మాత్రం కథ కొంత వేరుగా నడిచింది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ప్రచురించింది. అల్-బిరూనీ ఖగోళ గ్రంథం 1954-56 మధ్య ఇక్కడి నుంచే మూడు సంపుటాలుగా వెలువడింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో ప్రారంభించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వానికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. అందుకే స్థాపకుడు పోయాక కూడా, బేగంపేటలో అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం లక్షలాది నక్షత్రాలను నమోదు చేయడం సాధ్యమైంది.

ఇటీవలి చరిత్రలో గాయాలు ఎక్కువ. పాకిస్తాన్ 1974లో అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించడంతో ఆ వర్గానికే చెందిన భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ ప్రభుత్వ శాస్త్ర సలహాదారు పదవిని వదులుకున్నారు. 1979లో నోబెల్ బహుమతి తెచ్చిన ఆ శాస్త్రవేత్త సమాధి రాతి మీద ‘ముస్లిం’ అన్న మాటను కూడా చెరిపేశారు. పేద దేశాల యువ భౌతికశాస్త్రవేత్తల కోసం ఆయన 1964లో నెలకొల్పిన కేంద్రం ఇటలీలోని ట్రియెస్టెలో ఉంది. మోసుల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని ఐసిస్ మూకలు తగలబెట్టాయి. అధిక భాగం ముస్లిం దేశాలు నేటికీ తమ జాతీయాదాయంలో ఒక శాతం కూడా పరిశోధనకు వెచ్చించడం లేదు.

అందుకే జోర్డాన్‌లోని అల్లాన్‌లో 2017లో ప్రారంభమైన సెసేమి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను మహా వేగంతో తిప్పి, పరిశోధనకు పనికొచ్చే తీవ్రమైన కాంతిని పుట్టించే యంత్రం) కేంద్రాన్ని నేను ఆసక్తితో గమనిస్తున్నాను. ఇరాన్, పాకిస్తాన్, తుర్కియే, ఈజిప్టు, జోర్డాన్, పాలస్తీనా, సైప్రస్‌లతో పాటు ఇజ్రాయెల్ కూడా సభ్యురాలైన ఈ కేంద్రానికి ఏ ఒక్క పాలకుడి దయా ఆధారం కాదు. దీనితో సంబంధమున్న ఇద్దరు ఇరాన్ భౌతికశాస్త్రవేత్తలు 2010లో టెహ్రాన్‌లో హత్యకు గురయ్యారు. ఆంక్షల వల్ల ఆ దేశం తన వాటా సొమ్ము చెల్లించడానికి కూడా తిప్పలు పడింది. అయినా అక్కడి యంత్రంపై పనిచేసే అవకాశం, పరిశోధకుడిది ఏ దేశమన్నది చూడకుండా, ప్రతిపాదన నాణ్యతను నిపుణులు తూచాకే దక్కుతోంది.