పద్దెనిమిది నెలల నీడ: అమెరికా ‘తాత్కాలిక రక్షణ’ ఎలా పుట్టింది?

అమెరికాలో తాత్కాలిక రక్షణ హోదా, అంటే టీపీఎస్, కోరేవారు సాధారణంగా రెండు దరఖాస్తులు కలిపి పంపుతారు. రక్షణ కోసం ఐ-821, పని అనుమతి కోసం ఐ-765. ఈ రెండో ఫారం తెలుగువారికి కొత్తదేమీ కాదు. చదువు ముగించుకుని ఓపీటీకి, అంటే చదువుకు సంబంధించిన పని శిక్షణకు, వెళ్లే విద్యార్థులూ, 2015 నుంచి హెచ్-4 వీసాదారుల్లో (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల్లో) అర్హులైనవారూ నింపేది దీన్నే. చేతికి వచ్చేదీ అదే ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు. అయితే టీపీఎస్ కింద ఆ కార్డు రావాలంటే ముందు సొంత దేశంలో యుద్ధమో, భూకంపమో, మనుషులు తిరిగి వెళ్లలేని మరో విపత్తో జరగాలి. ఆ దేశం పేరును అమెరికా ప్రభుత్వం ప్రకటించాలి. భారతదేశం ఆ జాబితాలో ఎన్నడూ లేదు. పొరుగునున్న నేపాల్ 2015 భూకంపం తర్వాత చేరింది.

ఈ ఏర్పాటుకు మూలం మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం. 1980 నుంచి 1992 వరకు సాగిన ఆ యుద్ధంలో సుమారు 75 వేల మంది చనిపోయారు. 1980 మార్చి 24న ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోను ప్రార్థన జరుపుతుండగానే కాల్చి చంపారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉత్తరానికి వచ్చిన సాల్వడార్ వాసులకు అమెరికా ఆశ్రయం ఇవ్వలేదు. 1980ల తొలి సంవత్సరాల్లో వారి ఆశ్రయ దరఖాస్తుల్లో ఆమోదం పొందినవి మూడు శాతం కూడా లేవు. సాల్వడార్ సైన్యానికి ఆయుధాలూ డబ్బూ ఇస్తున్నది అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వమే. ఆ సైన్యానికి భయపడి పారిపోయి వచ్చామన్న వారి మాట నిజమని ఒప్పుకుంటే తన విధానమే తప్పని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఈ కథలో అన్నిటికన్నా బాధించే సంగతి ఇదే.

అప్పటికి చట్టంలో లేకపోయినా ఆచరణలో ఒక వెసులుబాటు ఉండేది. 1960 నుంచి ప్రభుత్వాలు తమ విచక్షణతో కొన్ని దేశాలవారిని వెనక్కి పంపకుండా ఆపేవి. క్యూబా, ఇథియోపియా, ఉగాండా, అఫ్గానిస్థాన్, పోలండ్ దేశాలవారికి అలా ఊరట దక్కింది. ఎవరికి ఇవ్వాలో, ఎందుకు ఇవ్వాలో చెప్పే నియమం ఏదీ లేదు. సాల్వడార్ వాసులు అడిగినప్పుడు మాత్రం ‘లేదు’ అన్నారు.

ప్రభుత్వం తలుపు మూస్తే చర్చిలు తెరిచాయి. రొమేరో హత్యకు రెండేళ్లు నిండిన రోజున, 1982 మార్చి 24న, అరిజోనాలోని టూసన్ నగరంలో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి తాను శరణార్థులకు ఆశ్రయమిస్తున్నట్టు బహిరంగంగా ప్రకటించింది. దేశమంతటా వందల ప్రార్థనాలయాలు ఆ బాట పట్టాయి. ప్రభుత్వం కేసులు పెట్టింది. 1986లో టూసన్‌లో ఎనిమిది మందిని కోర్టు దోషులుగా తేల్చింది. ఆశ్రయ విచారణల్లో వివక్ష చూపారంటూ చర్చిలు వేసిన దావా 1991లో రాజీతో ముగిసింది. తిరస్కరించిన దరఖాస్తులను మళ్లీ వినడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

చట్టసభలో ఈ పోరాటాన్ని భుజాన వేసుకున్నది బోస్టన్ ప్రతినిధి జో మోక్లీ. విదేశాంగ విధానంతో పెద్దగా సంబంధం లేని, వార్డు సమస్యలు చూసుకునే తరహా నాయకుడాయన. తన నియోజకవర్గంలోని వారు చెప్పిన సంగతులు విని, 1983 నుంచి సెనెటర్ డెనిస్ డికాన్సీనీతో కలిసి బిల్లు వెంట పడ్డారు. 1989 నవంబరు 16న శాన్ సాల్వడార్‌లోని విశ్వవిద్యాలయంలో ఆరుగురు జెస్యూట్ ఫాదర్లను, వారి వంటమనిషిని, ఆమె కూతురిని సైనికులు చంపారు. ఆ హత్యలపై అమెరికా ప్రతినిధుల సభ వేసిన దర్యాప్తు బృందానికి మోక్లీయే అధ్యక్షుడు. మరుసటి ఏడాది, 1990 నవంబరు 29న, సీనియర్ బుష్ సంతకం చేసిన వలస చట్టంలో టీపీఎస్ చేరింది. ఎల్ సాల్వడార్‌కు ఆ చట్టమే నేరుగా 18 నెలల రక్షణ ఇచ్చింది.

పని అనుమతి ఇందులో ఎందుకు ముడిపడిందో చెప్పాలంటే 1986కు వెళ్లాలి. అనుమతి లేనివారిని పనిలో పెట్టుకోవడం యజమానికి శిక్షార్హమని ఆ ఏడాది చట్టం చేశారు. అంతకుముందు కాగితాలు లేకపోయినా హోటల్లోనో పొలంలోనో కూలి దొరికేది. ఆ తర్వాత దేశంలో ఉండనిచ్చి పని చేయనివ్వకపోవడమంటే పస్తులుంచడమే. అందుకే 1990 చట్టం రక్షణ పొందినవారికి పని హక్కును కూడా కలిపి ఇచ్చింది. పైకి అర్హత ఉన్నట్టు కనిపిస్తే, తుది నిర్ణయం రాకముందే పని అనుమతి ఇవ్వాలంది.

అదే చట్టం కొన్ని గోడలూ కట్టింది. రక్షణ ఒక విడతకు 6 నుంచి 18 నెలలే. ప్రకటించిన తేదీ నాటికి అమెరికాలో ఉన్నవారికే వర్తిస్తుంది. ఒక పెద్ద నేరం గానీ రెండు చిన్న నేరాలు గానీ రుజువైతే దక్కదు. భర్తకు వచ్చినంత మాత్రాన భార్యాపిల్లలకు రాదు, ఎవరి దరఖాస్తు వారిదే. ఈ హోదాలో ఉన్నవారికి శాశ్వత నివాసం ఇచ్చే బిల్లును సెనెట్ చర్చకు తీసుకోవాలంటే ఐదింట మూడు వంతుల మద్దతు ఉండాలన్న షరతు కూడా పెట్టారు. చాలామందికి తెలియని ఈ షరతే తర్వాతి చరిత్రంతటినీ శాసించిందని నేను అనుకుంటాను. లోపలికి రానిచ్చినవాళ్లే ముందుకు పోయే దారిని తెలిసి తెలిసి ఇరుకు చేశారు.

అప్పటి నుంచి విపత్తుల వెంటే జాబితా పెరిగింది. మిచ్ తుపాను తర్వాత 1999లో హోండురస్, నికరాగువా. రెండు భూకంపాల తర్వాత 2001లో మళ్లీ ఎల్ సాల్వడార్. 2010లో హైతీ, 2012లో సిరియా, 2021లో వెనెజువెలా, 2022లో యుక్రెయిన్. తాత్కాలికమన్న షరతు ఎంత దూరం పోగలదో కరీబియన్ సముద్రంలోని మాంట్సెరాట్ ద్వీపం విషయంలో తేలింది. అక్కడ అగ్నిపర్వతం పేలడంతో 1997లో రక్షణ ఇచ్చారు. ఆ పర్వతం ఇప్పట్లో చల్లారదు కనుక ఇక దీన్ని తాత్కాలిక పరిస్థితి అనలేమంటూ 2005లో తీసేశారు. ప్రమాదం తగ్గలేదు. తగ్గకపోవడమే కారణమైంది.

గడువు పొడిగించిన ప్రతిసారీ తిరిగి నమోదు చేసుకోవాలి. అందుకు సాధారణంగా 60 రోజులే ఇస్తారు. కొత్త కార్డు ఆలస్యమైతే పాత కార్డే చెల్లుతుందని ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటిస్తారు. కార్డుపై అచ్చయిన తేదీ దాటిపోయిందని యజమాని అడిగితే ఆ ప్రకటన కాగితం తీసి చూపించాలి. ఇరవై ఏళ్లుగా పన్నులు కట్టి, ఇల్లు కొని, పిల్లల్ని కన్నవారు ఇలా ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి తమ ఉనికిని రుజువు చేసుకుంటూ ఉండటం న్యాయం కాదు. సరిహద్దు తనిఖీ లేకుండా వచ్చినవారు టీపీఎస్ ఉన్నంత మాత్రాన దేశంలో ఉంటూనే గ్రీన్‌కార్డు పొందలేరని 2021లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఈ అనిశ్చితి నుంచి బయటపడిన కొద్దిమందిలో లైబీరియావారు ఉన్నారు. 1991లో మొదలైన వారి నిరీక్షణ 2019 డిసెంబరులో ప్రత్యేక చట్టంతో తీరింది.

2017, 2018ల్లో ట్రంప్ ప్రభుత్వం ఎల్ సాల్వడార్, హైతీ, నేపాల్‌తో సహా పలు దేశాలకు రక్షణ ముగిస్తున్నట్టు ప్రకటిస్తే కోర్టులు అడ్డుకున్నాయి. 2025లో ఆ ప్రయత్నం ఇంకా విస్తృతంగా తిరిగి వచ్చింది. వెనెజువెలా, నేపాల్, హోండురస్, అఫ్గానిస్థాన్‌లకు ముగింపు ఉత్తర్వులు వెలువడ్డాయి. వెనెజువెలా విషయంలో కింది కోర్టుల ఆదేశాలను సుప్రీంకోర్టు రెండుసార్లు నిలిపివేసింది. అదే ఏడాది జులై 4న వచ్చిన చట్టం, అంతకుముందు 50 డాలర్లకు మించని టీపీఎస్ రుసుమును 500 డాలర్లకు పెంచింది. తొలిసారి పని అనుమతికి మరో 550 డాలర్లు చేర్చింది. కూలి మీద బతికే నలుగురున్న కుటుంబానికి ఇది పెద్ద భారం.

ఎవరి కోసం ఈ చట్టం పుట్టిందో ఆ సాల్వడార్ వాసులు, ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 2 లక్షల 32 వేల మంది, 2025 ఆరంభంలో ఇంకా దీని కిందే ఉన్నారు. బైడెన్ ప్రభుత్వం దిగిపోయే ముందు, జనవరిలో, వారి గడువును 2026 సెప్టెంబరు 9 వరకు పొడిగించింది. ఏ గడువుకైనా కనీసం 60 రోజుల ముందు ఆ దేశ పరిస్థితిని సమీక్షించి, పొడిగించాలో ముగించాలో నిర్ణయించాలన్నది 1990 చట్టంలోని నియమం.