టైమ్‌లైన్‌లో టైమ్‌లైన్ పెడితే బొమ్మ మసకబారుతుందా?

పెళ్లిళ్ల సీజన్‌లో హైదరాబాద్‌లోని కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లోని ఎడిటింగ్ గదులకు రాత్రీ పగలూ ఒకటే. అక్కడ పని నేర్చుకునే కుర్రాళ్లకు తరచూ వినపడే హెచ్చరిక ఒకటుంది: "నెస్ట్ చెయ్యకురా, క్వాలిటీ పోతుంది."

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరసగా పేర్చుకునే పట్టీని టైమ్‌లైన్ అంటారు. ఒక టైమ్‌లైన్ మొత్తాన్నీ ఒకే క్లిప్‌లా తీసుకెళ్లి ఇంకో టైమ్‌లైన్‌లో పెట్టడమే నెస్ట్. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు వేటికవి కట్ చేసుకుని, చివరికి ఒక పెద్ద టైమ్‌లైన్‌లో వరసగా పేర్చుకోవచ్చు. గంటల కొద్దీ ఫుటేజీ ఉన్నప్పుడు ఇంత హాయైన పద్ధతి ఇంకోటి లేదు. ఉత్త భయంతో దాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసినట్టు నెస్ట్ చేసిన ప్రతిసారీ వీడియో కొంత అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా అరిగేది వీడియోను మళ్లీ మళ్లీ కంప్రెస్ చేసినప్పుడు, అంటే ఎక్స్‌పోర్ట్ చేసిన ఎంపీ4నే తిరిగి ఎడిట్ చేసి మరోసారి ఎక్స్‌పోర్ట్ కొట్టినప్పుడు. నెస్ట్ చేస్తే కొత్త వీడియో ఫైలేదీ తయారుకాదు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమ్‌కీ అసలు క్లిప్ దగ్గరికే వెళ్తుంది. దాన్ని విప్పి, లోపలి టైమ్‌లైన్‌లో ఉన్న మార్పులన్నీ మెమరీలోనే చేసి, వచ్చిన బొమ్మను పై టైమ్‌లైన్‌కు అందిస్తుంది.

చిక్కంతా ఆ అందించే బొమ్మ సైజులో ఉంది. 4కె ఫ్రేమ్‌లో 3840×2160, అంటే 82,94,400 పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీలో 1920×1080, అంటే 20,73,600. సరిగ్గా నాలుగో వంతు. 4కె క్లిప్‌ను హెచ్‌డీ టైమ్‌లైన్‌లో కుదించి పెట్టి, దాన్ని నెస్ట్ చేశారనుకోండి. ప్రీమియర్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్‌లో బయటికొచ్చేది ఆ నాలుగో వంతే.

తలంబ్రాల షాట్‌నే తీసుకుందాం. పెళ్లికూతురి ముఖం మీద రీల్ కావాలి, సైజు 1080×1920. హెచ్‌డీ నెస్ట్ నుంచి నిలువు ముక్క కోస్తే దాని వెడల్పు 607 పిక్సెళ్లే. దాన్ని 1080కి సాగదీయాలి. అంటే తెరమీద కనిపించే వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టి నింపినవే. ముత్యాలూ తలంబ్రాల బియ్యమూ కలిసిపోయి మెత్తగా కనిపించేది అందుకే. అదే ముక్కను 4కె క్లిప్ నుంచి నేరుగా కోస్తే 1215×2160 దొరుకుతుంది. సాగదీయడం అటుంచి, కాస్త తగ్గించాల్సి వస్తుంది. అందుకే జూమ్ చేసే ఉద్దేశం ఉంటే లోపలి టైమ్‌లైన్‌ను 4కెలోనే ఉంచండి, లేదా అసలు క్లిప్‌నే రీల్ టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికో చక్కటి ఉపాయం ఉంది, కొలాప్స్ ట్రాన్స్‌ఫర్మేషన్స్. లోపల 50 శాతానికి తగ్గించి, బయట 200 శాతానికి పెంచితే, ఆ రెంటినీ గుణించి 100 శాతం అని తేల్చుకుని అసలు క్లిప్ మీద ఒకేసారి లెక్క వేస్తుంది. మధ్యలో పిక్సెళ్లు పారేసే అవసరమే రాదు. ఎంత అందమైన ఆలోచన!

స్లో మోషన్‌దీ ఇదే కథ. సెకనుకు 50 ఫ్రేములతో తీసిన క్లిప్ 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో చేరితే సగం ఫ్రేములు పక్కకు పోతాయి. ఆ తర్వాత నెస్ట్‌ను సగం వేగానికి తగ్గిస్తే మామూలుగా ఉన్న ఫ్రేములే రెండేసి సార్లు కనిపించి నడక కుదుపుగా ఉంటుంది. వేగం లోపలే, క్లిప్ మీదే తగ్గిస్తే 50 ఫ్రేములూ వాడుకలోకి వస్తాయి.

ఇంకో సంగతి. ప్లేబ్యాక్ రిజల్యూషన్, అంటే ఎడిట్ చేసేటప్పుడు తెరమీద చూపించే బొమ్మ స్పష్టత, పావు వంతుకు పెట్టుకుని, ప్రివ్యూలో మసకగా ఉందని టెన్షన్ పడేవాళ్లున్నారు. దానికీ ఎక్స్‌పోర్ట్‌కూ సంబంధం లేదు. ఎక్స్‌పోర్ట్‌లో 'యూజ్ ప్రివ్యూస్' టిక్ పెడితే మాత్రం, ముందే కంప్రెస్ అయిన ప్రివ్యూ ఫైళ్ల నుంచి వీడియో తయారయ్యే అవకాశముంది.

అనుమానముంటే ఒకే ఫ్రేమ్‌ను నెస్ట్ నుంచీ, నెస్ట్ లేకుండా అసలు క్లిప్ నుంచీ పీఎన్‌జీ స్టిల్‌గా తీసి, 100 శాతం సైజులో పక్కపక్కన పెట్టండి. కనురెప్పలు, పట్టుచీర జరీ అంచు చూడండి. అక్కడ తేడా కనిపిస్తే లోపలి టైమ్‌లైన్ సెట్టింగ్స్ తెరిచి ముందు ఫ్రేమ్ సైజు సరిచూసుకోండి.